పసుపు హెల్మెట్ సంగతి

బిడ్డా,

మొన్న ఆదివారం కొత్త బండి చూపించడానికి వచ్చినప్పుడు నువ్వు రెండు మాటలు అడిగావు. వచ్చే నెల దోస్తులతో కలిసి బొగత జలపాతానికి పోతున్నాం, ఏమేం చూసుకోవాలి అన్నావు. అది ఒకటి. రెండోది పోతూ పోతూ గేటు దగ్గర అడిగావు, "పెద్దబాపూ, నీ హెల్మెట్ ఎప్పుడూ పసుపు రంగే ఎందుకు?" అని. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నువ్వు అటు పోయావో లేదో మీ నాయన ఫోన్ చేశాడు. "అన్నా, నీ మాటైతే వింటది. బండి మీద అంత దూరం వద్దని చెప్పు" అన్నాడు. సరే, చెప్తా అన్నాను. ఏం చెప్తానో మాత్రం అనలేదు.

నోటితో చెప్తే సగం విని ఫోన్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. నీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క మనిషి దగ్గరే ఉంది కాబట్టి పసుపు రంగు నుంచే మొదలుపెడతా.

1987లో, పాతికేళ్ళ వయసులో, షార్జాలో ఒక గ్యారేజీకి మెకానిక్‌గా పోయాను. అప్పటికే హనుమకొండలో ఒక షెడ్డులో ఆరేళ్ళు రాజ్‌దూత్‌లూ యెజ్డీలూ విప్పి బిగించిన చేయి. సరిగా తన్నకపోతే ఎదురు తన్నే కిక్కు, బంకులో కొలిచి పెట్రోల్‌లో పోయించుకునే టూటీ ఆయిల్, చొక్కాకు పట్టిన పొగ వాసన. నాకు తెలిసిన బండి లోకం అంతే. అక్కడి ఫోర్‌మన్‌ది ఉత్తర ఐర్లండ్. ఆరడుగుల మనిషి, ఎండకు మొహమంతా కందిపోయి ఉండేది. అతని ఇంగ్లిష్ మాకు అర్థమయ్యేది కాదు, మా హిందీ అతనికి అర్థమయ్యేది కాదు. ఇంజిన్ మూత విప్పితే మాత్రం ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి.

1988లో అతను సెలవు మీద ఇంటికి పోయి వస్తూ ఒక వీడియో క్యాసెట్ తెచ్చాడు. శుక్రవారం క్యాంపులో టీవీ ముందు ఇరవై మందిమి చేరాం. జగిత్యాల వాళ్ళు, సిరిసిల్ల వాళ్ళు, మలయాళీలు, పఠాన్లు, వరంగల్ నుంచి నేనొక్కణ్ణి. అందరం సినిమా అనుకున్నాం. చూస్తే అది ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ అనే బైకు రేసు. పది నిమిషాల్లో సగం మంది లేచిపోయారు. నేను కదల్లేదు.

ఐల్ ఆఫ్ మ్యాన్ అంటే ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి. 1907 నుంచి అక్కడ బండ్ల పందేలు జరుగుతున్నాయి. నేను రేసంటే మైదానంలో గుండ్రంగా తిరగడం అనుకునేవాణ్ణి. ఇది అట్లా కాదు. రోజూ బస్సులూ పాలబండ్లూ తిరిగే మామూలు రోడ్డు. ఆ రోజుకు చట్టం ప్రకారం మూసేస్తారు. ఇళ్ళ గోడల పక్క నుంచి, కరెంటు స్తంభాల పక్క నుంచి, కొండెక్కి దిగి ఒక చుట్టు రావాలంటే 60 కిలోమీటర్ల పైమాటే. మలుపులే రెండు వందలకు పైగా ఉంటాయి. జాతరకు వచ్చినట్టు జనం రాతిగోడల మీద కాళ్ళు వేలాడేసుకొని కూర్చుంటారు. బలాఫ్ అనే ఊళ్ళో ఒక చిన్న గూని వంతెన ఉంది. దాని మీదికి రాగానే బండి రెండు చక్రాలూ నేల విడిచి గాల్లోకి లేస్తాయి. మన ఊరి వాగు వంతెన మీద ఎవరో అంత వేగంతో ఎగిరినట్టే అనిపించింది నాకు.

ఆ వంతెన మీద పసుపు హెల్మెట్ పెట్టుకున్నవాడు ఒకడు ఎగిరి, దూది పడ్డట్టు దిగాడు. అంతకుముందు ఎగిరినవాళ్ళంతా దబ్బుమని పడి, హ్యాండిల్ ఊగి, సర్దుకొని పోయారు. ఇతనికి ఆ సర్దుకోవడమే లేదు. ఫోర్‌మన్ కుర్చీలోంచి లేచి టీవీ మీద వేలు పెట్టి "జోయీ" అన్నాడు. జోయీ డన్‌లప్. నేను మొదట టైరు కంపెనీ పేరేమో అనుకున్నాను. ఆ ఏడాది అతను ఒక్క వారంలోనే మూడు రేసులు గెలిచాడు. 1985లోనూ అట్లాగే మూడు గెలిచాడు. ఆ 1985లో టీటీకని చేపల పడవలో బయల్దేరితే పడవ రాళ్ళకు తగిలి మునిగిపోయింది. ప్రాణాలతో బయటపడి, దీవికి పోయి, మూడూ గెలిచాడు. ఫోర్‌మన్ ఈ కథ చెప్పేటప్పుడు చేతులతో పడవ మునగడం కూడా చేసి చూపించేవాడు.

ఇదంతా నిన్ను మురిపించడానికి చెప్పడం లేదు. నన్ను పట్టేసింది ఆ ఎగరడం కాదు. రేసు అయిపోయాక కెమెరా ముందు ఆ మనిషి నిలబడ్డ తీరు. జుట్టు చెదిరి, కళ్ళు కిందికి దించుకొని, ఎప్పుడు వదిలేస్తార్రా అన్నట్టు. గెలిచినవాడిలా లేడు. ఓవర్‌హాలింగ్‌కు వచ్చిన బండి మధ్యలో వదిలేసి వచ్చిన మెకానిక్‌లా ఉన్నాడు. ఫోర్‌మన్ చెప్పాడు, ఆయనది బాలీమనీ అనే చిన్న ఊరు, అక్కడ ఒక పబ్బు నడుపుతాడు, చిన్న సీసీ రేసు బండ్లను తన షెడ్డులో తానే విప్పి, తానే బిగించుకుంటాడు అని. హోండా కంపెనీ అండ ఉన్న ప్రపంచ చాంపియన్ తన బండికి నట్టు తానే బిగించుకుంటాడంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా మెకానిక్ అంటే చదువు అబ్బనివాడు చేసే పని అనుకునేవాణ్ణి. మా బాపు కూడా అట్లాగే అనుకునేవాడు. గ్రీజు గోళ్ళతో అన్నం తినడం సిగ్గుగా ఉండేది. ఆ క్యాసెట్ చూశాక ఆ సిగ్గు పోయింది.

అయితే బుద్ధి మాత్రం వెంటనే రాలేదు. తిరిగొచ్చాక ఆర్ఎక్స్ 100 కొన్నాను. 98 సీసీ, 11 హార్స్‌పవర్, గాలిపటం అంత తేలిక. జోయీ షెడ్డులో చేసే పని పక్కన పెట్టి, రోడ్డు మీద చేసేది చేద్దామనుకున్నాను. 1993 నవంబర్‌లో ఒక రాత్రి పరకాల రోడ్డు మీద పోతున్నా. చందమామ లేడు. బండి 80 మీద ఉంది. లైటు వెలుగులో రోడ్డుకు ఒకపక్క నల్లగా ఏదో కనిపించింది. తారు అతుకేమో అనుకున్నాను. కాదు, వడ్ల కుప్ప. పైన నల్ల పరదా, పరదా ఎగిరిపోకుండా చుట్టూ తలకాయంత రాళ్ళు. ముందు చక్రం రాయికి తగిలింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది నోట్లో వడ్ల గింజలు. కుప్ప పక్కనే గోనెసంచి కప్పుకొని పడుకున్న రైతు లేచొచ్చి నన్ను ఎత్తి కూర్చోబెట్టి, నాకంటే ఎక్కువ ఏడ్చాడు. కాలర్‌బోన్ విరిగింది. అతను నన్ను తిట్టలేదు, నేను అతన్ని తిట్టలేదు. కల్లం లేనివాడు వడ్లు ఎక్కడ ఆరబోస్తాడు? ఇప్పటికీ దసరా దాటాక ఒకసారి, ఎండాకాలం యాసంగి కోతలప్పుడు ఒకసారి మన రోడ్లు సగం కల్లాలే. మక్కలు కూడా పోస్తారు. ఆ రోజుల్లో రాత్రి బండి తీయకు. తప్పకపోతే లైటు ఎంత దూరం చూపిస్తుందో అంత దూరంలో ఆగగలిగే వేగమే నీ వేగం. 40 మీద బ్రేకు పట్టాక బండి ఎంత దూరంలో ఆగుతుందో, 80 మీద దానికి రెండింతలు కాదు, నాలుగింతలు పోతుంది. 60 మీద ఉన్నప్పుడు ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతావు. ఫోన్‌లో దారి చూసుకోవడానికి రెండు సెకన్లు తల దించావంటే ఒక బస్సు, దాని వెనక ఇంకో రెండు బస్సులు పట్టేంత దూరం కళ్ళు మూసుకొని పోయినట్టే.

ఆరు వారాలు చేయి మెడకు కట్టుకొని మంచం మీద ఉన్నప్పుడు క్యాసెట్ మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. జోయీకి రోడ్డు మూసేశారు. నాకెవరూ మూయలేదు. ఆయనకు ప్రతి మలుపూ నోటికి వచ్చు. నాకు ఆ కుప్ప నిన్న లేదు. అప్పుడు అర్థమైంది, నేను ఆయన దగ్గర తీసుకోవాల్సింది షెడ్డులో ఉంది, రోడ్డు మీద లేదు అని. నువ్వు ఫోన్ తెర మీద పెట్టుకున్న ఆ మోటోజీపీ రేసు కుర్రాడి ఫొటో చూశాను. మోకాలు నేలకు రాస్తూ పోతున్నాడు. ఫొటో పెట్టుకో, తప్పేం లేదు. ములుగు రోడ్డు మీద మాత్రం మోకాలు నీ దగ్గరే ఉంచుకో.

ఇక షెడ్డు పనికి వద్దాం. బయల్దేరే ముందు రోజు సాయంత్రం బండిని గంటసేపు నీ చేతులతో ముట్టుకోవాలి. సర్వీసింగ్ సెంటర్ వాళ్ళు చేశారు కదా అనకు. వాళ్ళు చేసిందే చెయ్యి, కాని నీ వేళ్ళతో చెయ్యి. అన్నిటికంటే ముందు చైన్. బండి న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకో. తాళం చెవి అని ఎందుకు అంటున్నానంటే, నా ఎడమచేతి ఉంగరం వేలు కొస ఎందుకు లేదని చిన్నప్పటి నుంచీ అడుగుతున్నావు, మొసలి కొరికిందని చెప్తూ వచ్చాను. మొసలి కాదు. చక్రం చేత్తో తిప్పే ఓపిక లేక ఇంజిన్ స్టార్ట్ చేసి, గేరులో వేసి, గుడ్డతో చైన్ తుడిచాను. గుడ్డ కొస చైన్‌కు చిక్కింది. గుడ్డతో పాటే వేలూ స్ప్రాకెట్ లోపలికి, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రంలోకి పోయింది. "అయ్యో" అనేంత టైము కూడా పట్టలేదు. పాతికేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్ చేసిన పని అది. కొత్తవాడైతే భయపడి చేసేవాడు కాదు.

చైన్ కింది వరసను ముందు, వెనక స్ప్రాకెట్లకు సరిగ్గా మధ్యలో బొటనవేలితో పైకి నెట్టి చూడు. రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఆడితే చాలా బండ్లకు సరిపోతుంది. నీ బండికి ఎంతో చైన్ పక్కన స్టిక్కర్ మీదా మాన్యువల్‌లోనూ ఉంటుంది, దాన్నే నమ్ము. ఒక్కచోట చూసి వదిలేయకు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడు. చైన్ అంతటా ఒక్కలాగే అరగదు. ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉందంటే దాని ఆయుష్షు దగ్గరపడ్డట్టు. మరీ బిగించేస్తే ఇంకా ప్రమాదం. వెనక ఒక మనిషి కూర్చొని గుంతలో పడ్డప్పుడు అది తెగుతుంది. తుడిచాక నైంటీ నంబర్ గేర్ ఆయిల్ బొట్లు బొట్లుగా లోపలి వైపు పోసి, రాత్రంతా వదిలేయి. పొద్దున పోసి బయల్దేరావంటే ఆయిలంతా నీ ప్యాంటు మీదా వెనకవాడి మొహం మీదా ఉంటుంది.

టైరులో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పది కిలోమీటర్లు నడిపి బంకుకు పోయి చూస్తే వేడికి లెక్క ఎక్కువ చూపిస్తుంది, నువ్వు తీసేస్తావు, చల్లారాక తక్కువైపోతుంది. టైరు గాడుల్లో అడుగున చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి చూడు, టైరు అరిగి వాటికి సమానమైతే ఇక దాని పని అయిపోయింది. నీది కొత్త బండి, ఇప్పుడు ఆ గోల లేదు. కాని కొత్త టైరుకు ఇంకో గోల ఉంది. మెరుస్తూ జారుతుంది. మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా పో. క్లచ్, లైట్లు, హారన్ ఇవన్నీ నీకే తెలుసు.

బ్రేకు సంగతి మాత్రం తెలుసనుకుంటున్నావు, తెలియదు. మొన్న మా గేటు ముందు ఆగినప్పుడు చూశాను, కాలి బ్రేకే తొక్కావు. మనవాళ్ళందరికీ ముందు బ్రేకంటే భయం, సైకిల్ మీద ముందుకు పల్టీ కొట్టిన రోజుల నుంచీ. బండి ఆపే బలం ఎక్కువగా ముందు చక్రానిదే, బ్రేకు పట్టగానే బరువు దాని మీదికే వస్తుంది. నీ బండికి ఉన్నది సింగిల్ ఛానల్ ఏబీఎస్. అంటే ముందు చక్రం పట్టేయకుండా చూస్తుంది. వెనక చక్రాన్ని పట్టించుకోదు. కాలితో గట్టిగా తొక్కితే వెనక చక్రం జారుతుంది. ఒక ఆదివారం పొద్దున ఖాళీ మైదానం చూసుకొని 20 మీద, 30 మీద, 40 మీద రెండు బ్రేకులూ కలిపి ఆపుతూ ముప్పైసార్లు చెయ్యి. లీవరును గుంజకు, నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. ఏబీఎస్ పనిచేసేటప్పుడు లీవరు వేళ్ళ కింద టకటక కొట్టుకుంటుంది. మొదటిసారి అడవిలో అది తెలిస్తే భయపడి వదిలేస్తావు. మైదానంలోనే తెలుసుకో.

ఇప్పుడు వాన. మీరు పోయేది జులైలో. బొగతకు నీళ్ళుండేదీ అప్పుడే, రోడ్డు మీద నీళ్ళుండేదీ అప్పుడే.

జోయీకి వాన కొత్త కాదు. వాళ్ళ దేశంలో పడని రోజు తక్కువ. 1998లో టీటీకి కొద్ది రోజుల ముందు వేరే రేసులో పడి బాగా దెబ్బలు తగిలాయి. అట్లాగే వచ్చి, కుండపోత వానలో జరిగిన 250 సీసీ రేసు గెలిచాడు. 2000 జూన్‌లో, 48 ఏళ్ళ వయసులో, మళ్ళీ ఒకే టీటీలో మూడు గెలిచాడు. అదే వారం ఒక చుట్టును సగటున గంటకు 199 కిలోమీటర్ల వేగంతో తిరిగాడు. అంతకు ముందు 1977 నుంచి గెలిచినవీ కలుపుకుంటే మొత్తం 26. ఆ నెల తిరగ్గానే జులై 2న ఎస్తోనియాలో టాలిన్ పక్కన అడవిలో రేసు. వాన పడుతోంది. ఆ పోటీల్లో అప్పటికే రెండు గెలిచాడు. మూడోది 125 సీసీ, ఆయన లెక్కలో చిన్నపిల్లల బండి. ముందున్నాడు. తడి రోడ్డు మీద పట్టు తప్పి చెట్లకు తగిలాడు. అక్కడికక్కడే పోయాడు.

నాకు ఆగస్టులో తెలిసింది. ఫోర్‌మన్ ఉత్తరం రాసి, పేపర్ కటింగ్ పెట్టి పంపాడు. అంత్యక్రియలకు 50,000 మంది వచ్చారట. ఉత్తరంలో ఆయన రాసింది నాలుగు ముక్కలే, అందులో ఒక ముక్క తడిసి అలికిపోయి ఉంది. చాయో కన్నీళ్ళో నాకు తెలియదు. ఆ సాయంత్రం షెడ్డులో ట్రాక్టరు బానెట్‌కు వేయగా మిగిలిన పసుపు రంగు డబ్బా ఉంటే, నా నల్ల హెల్మెట్‌కు బ్రష్షుతో వేసేశాను. గీతలు గీతలుగా వచ్చింది. మీ పెద్దమ్మ చూసి గుమ్మడికాయ అంది. హెల్మెట్‌కు ఇంటి రంగులు వేయకూడదని, ఆ రసాయనాలకు పైపెంకు పెళుసవుతుందని తర్వాత తెలిసి దాన్ని గోడకు తగిలించి, ఐఎస్‌ఐ ముద్ర ఉన్న పసుపుది కొనుక్కున్నాను. అప్పటి నుంచి ఇది నాలుగోది. మబ్బు పట్టిన పూట లారీ డ్రైవరుకు దూరం నుంచే కనిపించే రంగు కూడా అదే, అది వేరే లాభం.

వానలో అంత ఆరితేరినవాడు వానలోనే పోయాడని తెలిశాక నేను వానకు ఎదురు తిరగడం మానేశాను. మొదటి చినుకులు పడే పావుగంట, అరగంట అన్నిటికంటే చెడ్డది. రోడ్డుకు పట్టి ఉన్న ఆయిలూ దుమ్మూ పైకి తేలి సబ్బులా ఉంటుంది. అప్పుడు ఆగు. చాయ్ తాగు. గట్టిగా పడి కడిగేశాక రోడ్డు కొంత నయం. అయినా తెల్లగీతల మీద, ఇనుప మూతల మీద బ్రేకు పట్టకు, బండి వంచకు. జులైలో మన దగ్గర ఇంకోటి ఉంటుంది. నాట్ల కోసం దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజీవీల్స్‌తోనే రోడ్డెక్కుతాయి. ఆ చక్రాల నుంచి రేగడి మట్టి పెడ్డలు పెడ్డలుగా రాలుతుంది. వాన పడితే అది వెన్న. మలుపు తిరగ్గానే ఎర్రగానో నల్లగానో రోడ్డు రంగు మారితే, మారక ముందే వేగం తగ్గించేసి ఉండాలి. దాని మీదికి వచ్చాక చేసేది ఏమీ లేదు, హ్యాండిల్ నిటారుగా పట్టుకొని దాటడమే. వాగు వంతెన మీద నుంచి నీళ్ళు పారుతుంటే ఎంత లోతని చూడొద్దు, ముందు బస్సు పోయిందని పోవద్దు. వెనక్కి తిరిగి రా. ఏ జలపాతమైనా మళ్ళీ ఏడాది ఉంటుంది.

దారి చెప్తా. పొద్దున ఆరింటికల్లా హనుమకొండ దాటండి. ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి ముందు ఆగండి. మేడారం పోయేవాళ్ళందరూ ఆగే చోటే. దండం పెట్టుకోండి, ఆ తర్వాత బండ్ల చుట్టూ ఒకసారి తిరగండి. యాభై కిలోమీటర్లు నడిచిన బండి తన కష్టం తాను చెప్తుంది. వదులైన అద్దం, కారుతున్న ఆయిల్, వేడెక్కిన బ్రేకు, అన్నీ అక్కడే తెలుస్తాయి. ములుగులో ట్యాంకు నింపుకోండి. పస్రా దాటాక తాడ్వాయి అడవి. అక్కడ రోడ్డు మీద కోతులుంటాయి, ఎవరో ఒకరు అరటిపండు వేసి వాటిని రోడ్డుకు అలవాటు చేశారు. ఒక కోతి దాటిందంటే వెనక ఇంకో నాలుగున్నాయని లెక్క. బర్రెలకూ అదే లెక్క, కాకపోతే బర్రె తొందరపడదు. దాని ముందు నుంచి కాకుండా తోక వైపు నుంచి పో. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన ఎక్కితే కింద గోదావరి. అందరూ నడి వంతెన మీద ఆపి ఫొటోలు దిగుతారు. నువ్వు మాత్రం వంతెన దాటాక, రోడ్డు దిగి, బండి పక్కకు పెట్టి నడిచి వచ్చి దిగు. లారీవాడికి నీ ఫొటో సంగతి తెలియదు.

అయిదు బండ్లు పోతున్నారు కాబట్టి ఇంకొకటి. టీటీలో అందరూ ఒక్కసారి బయల్దేరరు. కొన్ని సెకన్ల తేడాతో వదులుతారు, పోటీ గడియారంతోనే. పక్కవాణ్ణి చూసి తొందరపడితే ఎక్కడ పడతారో వాళ్ళకు తెలుసు. మీలో నెమ్మదిగా నడిపేవాణ్ణి ముందు పెట్టండి, అనుభవం ఉన్నవాణ్ణి చివర పెట్టండి. వెనకబడినవాడు అందుకోవడానికి చేసే తప్పుల బండ్లే మా షెడ్డుకు ఎక్కువగా వచ్చేది. ఎక్కడ ఆగాలో ముందే అనుకుంటే ఎవరూ ఎవరినీ తరమక్కర్లేదు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండు దాటనీయకండి. చీకటి పడే వేళకు అడవిలో ఉండకూడదు, ఇది బేరం లేని మాట.

ఇక మీ నాయన భయం సంగతి. అది ఉత్త భయమని నేను అనను. ఆ దీవి రోడ్డు మీద ఇప్పటిదాకా 250 మందికి పైగా పోయారు. జోయీ తమ్ముడు రాబర్ట్ కూడా రేసరే, 2008లో వేరే చోట రేసు ప్రాక్టీసులో పోయాడు. రాబర్ట్ కొడుకు విలియం కూడా అట్లాగే 2018లో పోయాడు. ఇంకో కొడుకు మైఖేల్ 2024లో 27వ టీటీ గెలిచి జోయీ రికార్డు దాటాడు. నీకు నేనేమవుతానో మైఖేల్‌కు జోయీ అదే, పెద్దబాపు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఎన్ని రాత్రులు ఫోన్ దగ్గర కూర్చొని ఉంటారో అని నాకు తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది. అందుకే గట్టమ్మ దగ్గర ఒకసారి, ఏటూరునాగారంలో ఒకసారి మీ నాయనకు ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, గొంతు వినిపించు.

ఒక సంగతి మరిచాను. జోయీకి రేసు బండ్లు తీసుకుపోయే వ్యాను ఒకటి ఉండేది, రేసులు లేనప్పుడు దాని నిండా బట్టలూ తిండీ వేసుకొని రుమేనియాలో అనాథ పిల్లల దగ్గరికి తానే నడుపుకుంటూ పోయేవాడు. ఫొటోగ్రాఫర్లు లేరు, బ్యానర్లు లేవు. 1996లో బ్రిటన్ ప్రభుత్వం బిరుదు ఇచ్చింది ఆ పనికే. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది గుర్తుందా? నీళ్ళు తీశాక మేం షెడ్డు వాళ్ళం ఆరుగురం పోయాం. అందరూ బియ్యం, దుప్పట్లు తెస్తున్నారు. మేం పానలూ ప్లగ్గులూ ఇంజిన్ ఆయిలూ తీసుకుపోయాం. ప్రతి వాకిట్లో బురద పట్టిన బండి ఒకటి. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ బదులు పాలు ఎక్కువైన చాయ్ రంగులో కారింది. విప్పడం, కడగడం, కొత్త ఆయిల్ పోయడం, ప్లగ్గు మార్చడం, తన్నడం. రెండు రోజులు అదే పని. ఒక ముసలాయన తన బండి స్టార్టయిన చప్పుడు విని ఇంటి అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆయన పాలు పోసి బతికే మనిషి. బండి లేకపోతే మర్నాటి పాలు ఎక్కడికీ పోవు. నా బండి బతుకులో నేను బాగా నడిపిన రోజులు చాలా ఉన్నాయి కానీ, జోయీకి చూపించాలనిపించింది ఆ రెండు రోజులే.

ఈ ఆదివారం పొద్దున ఏడింటికి బండి తీసుకొని రా. చైన్ పని నీ చేతే చేయిస్తా, నేను స్టూలు మీద కూర్చొని తిడుతూ ఉంటాను. పాత బట్టలేసుకో, గ్రీజు మరక పోదు, మీ అమ్మ నన్నంటుంది. మీ నాయనను కూడా వెనక కూర్చోబెట్టుకొని రా. నువ్వు ఎట్లా నడుపుతావో ఆయన వెనక కూర్చుంటే తప్ప నమ్మడు. నమ్మితే బొగత ఆయనే పంపుతాడు, నమ్మకపోతే నేను ఎంత చెప్పినా లాభం లేదు. కాకపోతే ఆయన బరువు తక్కువేం కాదు, ఇద్దరు కూర్చుంటే వెనక టైరుకు ఎంత గాలి ఉండాలో స్టిక్కర్ మీద వేరేగా రాసి ఉంటుంది. బయల్దేరే ముందు అది చూసి కొట్టించు.

నీ పెద్దబాపు
హనుమకొండ